సర్వజన సహవాస సంఘము: జాతి సమత్వ సాధనమున నొక క్రైస్తవ సమాజము

ఒక మతము బోధించు సమత్వమునకును, ఆ మతమువారు పాటించు సమత్వమునకును గల యంతరమును కొలుచుటకు ధర్మగ్రంథములకంటె ఆరాధన మందిరములోని వరుసలే మేలైన ప్రమాణములు. ఎవరు ముందు కూర్చుందురు, ఎవరు వెనుక నిలుతురు, ప్రసంగవేదిక నెవరెక్కుదురు, సంఘపు లెక్కలెవరి చేతిలో నుండును అను ప్రశ్నలకు దొరకు సమాధానములనుబట్టియే ఆ సంఘముయొక్క విశ్వాసమును నిర్ణయింపవలసియుండును. ఈ దృష్టితో పరిశీలింపదగిన సంఘములలో 1944లో అమెరికా సంయుక్త రాష్ట్రములందలి సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున వెలసిన ‘చర్చ్ ఫర్ ది ఫెలోషిప్ ఆఫ్ ఆల్ పీపుల్స్’ ముఖ్యమైనది. ఈ వ్యాసమున దానిని సర్వజన సహవాస సంఘమని వ్యవహరింతుము.

తెల్లవారును నల్లవారును కలిసి ప్రార్థించిన మొదటి సంఘమిదియే యని పలువురు వ్రాసియున్నారు. ఈ మాట సరికాదు. బోస్టను నగరమున 1838లో స్థాపితమైన స్వేచ్ఛా బాప్టిస్టు సంఘము, అనగా తరువాత ట్రెమాంటు టెంపులుగా ప్రసిద్ధికెక్కినది, బల్లలకు అద్దె తీసికొను ఆచారమును త్రోసివైచి అందరికిని సమానముగ చోటిచ్చెను. లాస్ ఏంజెలెసు నగరమున అజూసా వీథిలో 1906లో విలియం సేమూరు అను నల్లజాతి బోధకుని యొద్దకు అన్ని జాతులవారును చేరిరి. కావున సాన్‌ఫ్రాన్సిస్కో సంఘముయొక్క విశేషము ‘ప్రథమత్వము’లో లేదు. జాతుల సమత్వమునే తన యుద్దేశముగ ప్రకటించి, పుట్టుకతోడనే దానిని కాపరిత్వమునందును నిలుపుటలో నున్నది. ఒక తెల్ల కాపరియు, ఒక నల్ల కాపరియు సమానాధికారముతో దానికి నాయకులైరి. ఈ విషయమును నిరూపించుటయు, ఆ ప్రయత్నముయొక్క ఫలములను, పరిమితులను నిర్ణయించుటయు మా యుద్దేశము.

1. పూర్వరంగము

అమెరికాలోని నల్లజాతి క్రైస్తవుల ప్రత్యేక సంఘములు వేర్పాటు కోరికచే పుట్టినవి కావు. ఫిలడెల్ఫియా నగరమున సెయింటు జార్జి మెథడిస్టు దేవాలయమునందు మోకరించి ప్రార్థించుచున్న ఆబ్సలోము జోన్సును ధర్మకర్త యొకడు పట్టి లేవనెత్తజూచెను. ప్రార్థన ముగియువరకు ఆగుడని జోన్సు వేడినను ఆ ధర్మకర్త వినలేదు. ప్రార్థన ముగియగనే జోన్సును, రిచర్డు ఆలెనును, వారితోడి నల్లజాతివారును ఒక్కుమ్మడిగ దేవాలయమును విడిచి వెడలిరి. ఆ మందిరమున క్రొత్తగ కట్టిన మేడభాగమునకు తామును చందాలిచ్చినవారే. ఆ మేడపైననే తమకు చోటు కొలిచియిచ్చుట వారి మనస్సును మరింత నొప్పించెను.

ఈ సంఘటన 1787లో జరిగినదని చిరకాలముగ వాడుక. ఆ మేడ 1792లోగాని పూర్తి కాలేదని తరువాతి పరిశోధకులు చూపిరి. 1787 నిజమునకు ఆలెను, జోన్సులు ‘స్వేచ్ఛా ఆఫ్రికను సమాజము’ను నెలకొల్పిన సంవత్సరము. రెండు సంఘటనలును తరువాతివారి జ్ఞాపకమున నొక్కటియైనట్లు తోచుచున్నది. ఈ నిర్ణయమువలన తేలు సంగతి యొకటి కలదు: నల్లజాతివారు అవమానితులై వెడలకముందే పరస్పర సహాయమునకై తమలో తాము కూడియుండిరి. అందువలననే వెడలిన పిమ్మట రెండేండ్లలో, 1794లో, జోన్సు నాయకత్వమున సెయింటు తామసు దేవాలయమును, ఆలెను నాయకత్వమున బెతెలు దేవాలయమును నిలువగలిగెను. 1816లో ఆఫ్రికను మెథడిస్టు ఎపిస్కోపలు సంఘము స్వతంత్ర శాఖగ ఏర్పడెను.

బానిసత్వ సమస్యపై మెథడిస్టులు 1844లోను, బాప్టిస్టులు 1845లోను ఉత్తర దక్షిణ శాఖలుగ చీలిరి. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతములందు పనిచేసిన అమెరికను బాప్టిస్టు మిషనరీలు ఉత్తర శాఖకు చెందినవారు. బానిసత్వము తొలగినను చీలిక మానలేదు. 1939లో మెథడిస్టు శాఖలు తిరిగి యేకమైనపుడు సయితము నల్లజాతి సంఘములను ప్రాంతముతో నిమిత్తము లేక ‘కేంద్ర పరిధి’ యను ప్రత్యేక విభాగమున చేర్చిరి. ఆ విభాగము 1968లోగాని రద్దు కాలేదు. అనగా ఇరువదవ శతాబ్ది నడుమ సయితము జాతిభేదము ఆచారముగ మాత్రమే గాక, సంఘముల నిబంధనావళిలో భాగముగను ఉండెను. సర్వజన సహవాస సంఘము పుట్టినది ఈ పరిస్థితిలోనే.

2. థర్మను: భారతయాత్ర

ఈ సంఘమునకు ప్రాణము హోవర్డు థర్మను. ఆయన 1899లో ఫ్లారిడా రాష్ట్రమున జన్మించెను. ఆయనను పెంచిన అమ్మమ్మ నాన్సీ ఆంబ్రోసు బానిసగ జీవించినది. ఆమెకు చదువు రాదు. మనుమనిచే బైబిలు చదివించుకొనుచుండెడిది. కాని పౌలు పత్రికలను, ప్రేమను గూర్చిన యొక యధ్యాయమును దక్క, ఆమె చదువనిచ్చెడిది కాదు. కారణ మడుగగా, యజమాని పిలిపించిన తెల్ల బోధకుడు ‘దాసులారా, మీ యజమానులకు లోబడియుండుడు’ అను భావముగల వాక్యములనే మరల మరల ప్రసంగించెడివాడనియు, స్వతంత్రురాలనైనచో ఆ భాగమును చదువబోనని తాను ఒట్టు పెట్టుకొంటిననియు ఆమె చెప్పెను. ఒక గ్రంథములోనే బంధించు భాగమును విడిపించు భాగమును వేరుచేయగల ఈ వివేకమే థర్మను చింతనమునకు మూలమని మా యభిప్రాయము.

వాషింగ్టనులోని హోవర్డు విశ్వవిద్యాలయమున పనిచేయుచుండగా, భారత, బర్మా, సింహళ దేశముల విద్యార్థి క్రైస్తవోద్యమమువారి యాహ్వానముపై థర్మను 1935లో తూర్పు దేశములకు వచ్చెను. ఆయన భార్య స్యూ బెయిలీ థర్మనును, ఎడ్వర్డు కారలు దంపతులును తోడివారు. నల్లజాతివారు మాత్రమే గల రాయబారవర్గమిది. కొలంబోలో నొక న్యాయవాది ఆయనను నిలదీసెను. మిమ్ము బానిసలుగ పట్టి అమ్మినవారు క్రైస్తవులు; నేడు మిమ్ము గుంపులుగ చేరి చంపువారును క్రైస్తవులే; మీరు వారి మతమునకు ప్రతినిధులై యిచ్చటికి వచ్చుట లోకములోని నల్లనివారికెల్ల ద్రోహము కాదా యని యాతని ప్రశ్న. యేసు మతము వేరనియు, యేసు పేర చెలామణియగు మతవ్యవస్థ వేరనియు, మొదటిది నిరాశ్రయుల పక్షమున నిలుచుననియు థర్మను సమాధానము. ఈ సమాధానమే పెరిగి 1949లో ‘జీసస్ అండ్ ది డిసిన్‌హెరిటెడ్’ అను గ్రంథమైనది. భయము, వంచన, ద్వేషము అను మూడును అణగద్రొక్కబడినవారి మనస్సుల నెట్లు తినివేయునో అందు విచారించెను.

1936 ఫిబ్రవరిలో వీరు బార్డోలిలో మహాత్మా గాంధిని దర్శించిరి. ఈ సంభాషణకు రెండు ఆధారములు గలవు. ఒకటి మహాదేవ దేశాయి వ్రాయగా అదే సంవత్సరము మార్చిలో ‘హరిజన్’ పత్రికయందు ప్రకటితమైనది. రెండవది 1979లో వెలువడిన థర్మను స్వీయచరిత్ర. మొదటిదానిలో అహింసా సిద్ధాంత చర్చయే ప్రధానము. అహింసయొక్క నిష్కల్మష సందేశము నల్లజాతివారి ద్వారముననే లోకమున కందవచ్చునను గాంధిగారి ఆశాభావముతో నది ముగియును. రెండవదానిలో గాంధిగారు నల్లజాతివారి బానిసత్వము, వోటుహక్కు, మూకహత్యలను గూర్చి అడిగిన ప్రశ్నలకు, అస్పృశ్యతను గూర్చిన చర్చకు చోటెక్కువ. ప్రజలలో అహింసకు వలసిన సత్తువ కొరవడుటకు ఆకలియు, ఆత్మగౌరవ నాశమును కారణములనియు, ఆ నాశమునకు పరపాలకులకంటె అస్పృశ్యతయే హేతువనియు గాంధిగారు చెప్పినట్లు థర్మను వ్రాసెను. ఈ రెండాధారములకును విరోధము లేదు. దేశాయికి ముఖ్యమైనది భారతీయుల సందేశము. థర్మనునకు ముఖ్యమైనది స్వమతమును శుద్ధిచేసికొనక పరులనుండి సమత్వమును కోరరాదను పాఠము. చరిత్రకారుడు రెంటిని కలిపి చదువవలసియున్నది.

అదే యాత్రలో ఖైబరు కనుమయొద్ద నిలిచి, దూరదేశముల బిడారులు సాగిపోవుట చూచుచుండగా, జాతిభేదములకంటె బలవత్తరమైన ఆధ్యాత్మికానుభవము గల సంఘమొకటి అమెరికాలో సాధ్యమగునా యని పరీక్షింపవలెనను సంకల్పము కలిగినదని థర్మను పలుమార్లు చెప్పెను.

మన తెలుగుదేశమున ఈ సమస్య అంతకుముందే వేరొక రూపమున తలయెత్తియుండెను. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభయందు వి. ఎస్. అజరయ్య విదేశీయ మిషనరీలకును స్వదేశీయ సేవకులకును నడుమనున్న దూరమును నిర్భయముగ ఎత్తిచూపి, ధనమును, త్యాగమును ఇచ్చినవారు స్నేహమునుగూడ ఇయ్యవలెనని కోరెను. ఆయన 1912లో దోర్నకల్ బిషప్పుగ అభిషిక్తుడై, ఆంగ్లికను శాఖలో ఆ పదవి నందిన మొదటి భారతీయుడయ్యెను. మిషనరీలతో సమత్వమును కోరిన యాయన తన యధ్యక్ష మండలములోనే మాల, మాదిగ భేదముతో పెనుగులాడవలసివచ్చెను. గాంధిగారి పాఠమునకు ఇంతకంటె దగ్గరి యుదాహరణము లేదు.

3. నగర పరిస్థితి

1940లో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున నల్లజాతివారు ఐదువేలకు లోపు. 1950 నాటికి నలుబదివేలకు పైబడిరి. యుద్ధకాలమున నౌకా నిర్మాణశాలలలో దొరకిన పనియే ఈ వృద్ధికి కారణము. అయితే ఇండ్లు దొరకుట దుర్లభమయ్యెను. తెల్లవారికి దప్ప అన్యులకు అమ్మరాదని దస్తావేజులలో షరతులు వ్రాయు ఆచారముండెను; అట్టి షరతులను న్యాయస్థానములు అమలుపరుపరాదని అమెరికా సుప్రీముకోర్టు 1948లోగాని తీర్పు చెప్పలేదు. కావున క్రొత్తగ వచ్చినవారు వెస్టెర్ను ఎడిషను, ఫిల్‌మోరు పేటలలో కిక్కిరిసిరి. ఆ పేటలో వారికి చోటు దొరకుటకు కారణము మరియొక యన్యాయము. 1942 ఫిబ్రవరి 19వ తేదీ నాటి ప్రెసిడెంటు ఉత్తరువుననుసరించి పడమటి తీరమునుండి ఇంచుమించు లక్ష ఇరువదివేల జపాను సంతతివారిని నిర్బంధ శిబిరములకు తరలించిరి. వారిలో ఎక్కువమంది అమెరికా పౌరులే. ఒక జాతిని వెడలగొట్టిన ఇండ్లలో మరియొక జాతి తలదాచుకొనెను.

నౌకాశాలలలో బాయిలరు పనివారి సంఘము నల్లజాతివారిని ఓటులేని అనుబంధ శాఖలలో మాత్రమే చేర్చుకొనుచుండెను. మారిన్‌షిప్పు వ్యాజ్యమున కాలిఫోర్నియా అత్యున్నత న్యాయస్థానము 1944లో దీనిని ఖండించెను. థర్మను నగరము చేరిన ఆ సంవత్సరము జూలైలోనే, 17వ తేదీన, సమీపమునందలి పోర్టు షికాగో రేవున మందుగుండు ప్రేలి 320 మంది మరణించిరి. వారిలో మూడింట రెండువంతులు నల్లజాతివారు. మరల ఆ పనికి పోమనిన యేబదిమంది నల్లజాతి నావికులను తిరుగుబాటు నేరముపై శిక్షించిరి. ఆ తీర్పులను నౌకాశాఖ 2024లో రద్దుచేసెను. సర్వజన సహవాస సంఘపు ప్రార్థనలు ఇట్టి పరిసరములలో మొదలైనవి.

4. సంఘ స్థాపనము, మొదటి వివాదము

ఆ పేటలో రెండు జాతుల యువతులు కొందరు ఒకే యింట నివసించుచు, ఇరుగుపొరుగువారికి సేవ చేయుచుండిరి. వారికి స్ఫూర్తినిచ్చినది లండనులో కింగ్‌స్లీ హాలును నడపిన మ్యూరియలు లెస్టరు. 1931లో రౌండుటేబిలు సమావేశమునకు పోయిన గాంధిగారు బసచేసిన దచ్చటనే. ఈ చిన్న గుంపునకు ఆల్‌ఫ్రెడు ఫిస్కు తోడ్పడెను. ఆయన ప్రెస్బిటేరియను బోధకుడు. సాన్‌ఫ్రాన్సిస్కో స్టేటు కాలేజీలో తత్త్వశాస్త్రాచార్యుడు. తనతో సమానముగ పనిచేయుటకు నల్లజాతి బోధకుడు కావలెనని ఆయన 1943లో శాంతివాది ఏ. జె. మస్టీకి వ్రాసెను. ఆ యుత్తరమే థర్మనును చేరెను. థర్మను విశ్వవిద్యాలయమున సెలవు తీసికొని 1944లో వచ్చెను; ఆయన వచ్చువరకు కొన్నినెలలు ఆల్బర్టు క్లీగు అను నల్లజాతి యువబోధకుడు సహకాపరిగ నుండెను. అక్టోబరు 8వ తేదీన సంఘము విధ్యుక్తముగ ప్రారంభమయ్యెను.

ఇక్కడ మొదటి వివాదము పుట్టెను. సంఘమునకు మందిరమును, కొంత ధనసహాయమును ప్రెస్బిటేరియను శాఖవారు సమకూర్చిరి. ఆ పేటలోని బీదలకు సేవచేయు పొరుగు సంఘముగ దానిని పెంపవలెనని ఫిస్కు ఆశయము. థర్మను దీని కంగీకరింపలేదు. పేటకు మాత్రమే పరిమితమైనచో, పేటలో తెల్లవారు తగ్గినకొలదియు సంఘము నల్లవారి సంఘమే యగును. శాఖవారి ధనముపై ఆధారపడినచో అది మిషను క్షేత్రమగును; తెల్లవారు దాతలుగను, నల్లవారు గ్రహీతలుగను మిగులుదురు. ఇచ్చువాని చేయి పైననే యుండు సంబంధమున సమత్వము కుదురదని ఆయన వాదము. చివరకు సంఘము శాఖాసంబంధమును, ధనసహాయమును వదలుకొని స్వతంత్రమయ్యెను. కొలది వత్సరములకు ఫిస్కు సహకాపరిత్వమును విడిచెను. 1949లో సంఘము లార్కిను వీథిలో స్వంత దేవాలయమును కొనెను.

ఈ వివాదమును ఇరువురి స్వభావభేదముగ చూచుట చాలదు. దయకును సమత్వమునకును గల భేదము ఇందు స్పష్టమైనది. ఫిస్కు సద్భావమున లోపమేమియు లేదు, సంఘమును కనిపెట్టినవాడాతడే. కాని సద్భావము నిలుచుటకు తగిన ఆర్థిక నిర్మాణము కావలెనని గ్రహించినవాడు థర్మను. ఇతర నగరములందలి అభిమానులు సభ్యులై చందాలు పంపుటకు ఆయన ఏర్పాటుచేసెను. అట్టివారిలో ఎలినారు రూజ్వెల్టు ఒకరు.

5. ఆచరణము

సంఘమున చేరువారు ‘కమిట్‌మెంటు’ అను ప్రతిజ్ఞకు సమ్మతింపవలసియుండెను. సంఘము పెరిగినకొలది దానిని మార్చి వ్రాసికొనిరి. మొదటి రూపము యేసునందలి విశ్వాసముపై నిలిచినది. తరువాతిది యేసును, ఇతర మహాధార్మికులను కలిపి స్మరించును. సిద్ధాంతముల యైక్యము లేకున్నను అనుభవముయొక్క యైక్యము సాధ్యమను నమ్మిక ఈ మార్పునకు హేతువు. సంప్రదాయవాదులకు ఇది క్రైస్తవత్వమును పలుచన చేయుటగ తోచుట సహజము. అయినను వివిధ శాఖలనుండియు, ఏ శాఖయు లేకయు వచ్చినవారిని ఒక్కచోట కూర్చుటకు ఇదియే త్రోవ యయ్యెను.

ఆరాధనకు పూర్వము మౌనధ్యానమునకు కాలము నియమించిరి. మాటలు జాతుల యుచ్చారణను, చదువును బయటపెట్టును. మౌనమునందు ఎవరును ఎవరికంటె పెద్ద కారు. సంగీతమునకు, నాట్యమునకు సయితము ఆరాధనలో స్థానమిచ్చిరి. బాలబాలికలకై అంతర్జాతి సంస్కృతి శిక్షణములను నడపుటలో స్యూ బెయిలీ థర్మను కృషి గొప్పది. ఇతర జాతుల పాటలు, కథలు, చేతిపనులు నేర్చి, వారి బిడ్డలతో కలిసి ఆడుకొనిన బిడ్డలు పెద్దలైనపుడు పరాయితనము నెరుగరని వారి యాశ. సంఘమున నల్లవారు, తెల్లవారే గాక జపాను, చీనా సంతతివారును చేరిరి.

ఈ యాచరణము పొరుగు సంఘములకు ఒక ప్రమాణమయ్యెను. 1946 మార్చిలో అమెరికాలోని ప్రొటెస్టెంటు సంఘముల సమాఖ్య జాతి వేర్పాటును ఖండించి, వేర్పాటులేని సంఘము కొరకు తీర్మానించెను. తీర్మానము అప్పటికి కాగితముపై నుండగా, సాన్‌ఫ్రాన్సిస్కో సంఘము దానిని రెండేండ్లుగ నడపి చూపుచుండెను.

6. విమర్శ

ఈ సంఘమును తీవ్రముగ విమర్శించినవారిలో ముఖ్యుడు, తొలుత దానికి సహకాపరిగ నున్న క్లీగే. ఆయన 1967లో డెట్రాయిటు నగరమున తన సంఘమునకు ‘నల్ల మడోన్నా మందిర’మని పేరుపెట్టి, నల్లజాతి స్వాధికార వాదమునకు ప్రవక్త యయ్యెను. అంతర్జాతి సంఘము కృత్రిమమైనదనియు, జపానీయుల నిర్బంధము, నల్లవారి ఇండ్ల కరవు కన్నులయెదుటనే యుండగా వానిని తడవక లోపల సహవాసమును అభినయించుట నిష్ప్రయోజనమనియు ఆయన యాక్షేపణ.

ఇందు కొంత సత్యము కలదు. సంఘము లార్కిను వీథికి చేరుటచే నల్లజాతివారి పేటకు దూరమయ్యెను. 1950లకు చివరనుండి ‘పునర్నిర్మాణము’ పేర వెస్టెర్ను ఎడిషనులో వేలకొలది కుటుంబములను ఖాళీచేయించిరి. ఒక సంఘపు సహవాసము ఆ కూల్చివేతను ఆపగలది కాదు. లోపలి సమత్వము దానంతటదియే నగర సమత్వముగ మారదు.

అయినను క్లీగు విమర్శ రెండు సంగతులను లెక్కగొనలేదు. నల్లజాతివాడు తెల్లవారికి ఉపకారపాత్రుడుగ గాక, వారి కాపరిగ, గురువుగ ప్రతి ఆదివారమును వేదికపై నిలుచుట ఆ కాలమున సామాన్య విషయము కాదు. ఆ యనుభవముతోనే థర్మను 1953లో బోస్టను విశ్వవిద్యాలయ ప్రార్థనాలయాధిపతి యయ్యెను. తెల్లవారు అధికముగనున్న విశ్వవిద్యాలయమున నట్టి పదవి నందిన మొదటి నల్లజాతివాడాయనయే. అప్పు డచ్చట మార్టిను లూథరు కింగు పరిశోధక విద్యార్థి. రెండవది, బాహ్యపోరాటము చేయువారికి అంతర్బలము కావలెనను థర్మను పాఠము. 1958లో కత్తిపోటు తిని ఆసుపత్రిలోనున్న కింగును ఆయన చూడబోయి, విశ్రాంతి దినములను పెంచుకొని ఆత్మవిచారమునకు వినియోగింపుమని సలహా యిచ్చెను. మరుసటి సంవత్సరమే కింగు భారతదేశమునకు వచ్చెను. ఈ రెంటికిని కార్యకారణ సంబంధమున్నదని మేము చెప్పుట లేదు. బార్డోలి సంభాషణము, సాన్‌ఫ్రాన్సిస్కో సంఘము, పౌరహక్కుల యుద్యమము ఒకే చింతనా ప్రవాహమునకు చెందినవని మాత్రము చెప్పవచ్చును.

7. ముగింపు

పై విచారణవలన మూడంశములు తేలుచున్నవి. ఒకటి: జాతి సమత్వమునకై పాటుపడిన సంఘములలో దీని స్థానము కాలమువలన వచ్చినది కాదు, నిర్మాణమువలన వచ్చినది. రెండు: ధనమెవరిదో, నిర్ణయమెవరిదో అను ప్రశ్నను తప్పించుకొనిన సహవాసము దయగనే మిగులును, ఈ సంఘము ఆ ప్రశ్నను పసితనముననే యెదుర్కొనెను. మూడు: లోపల సాధించిన సమత్వమును వీథిలోనికి కొనిపోవుట వేరొక కార్యము, అందు ఈ సంఘపు విజయము పరిమితము. థర్మను 1981లో మరణించెను. సంఘము నేటికిని లార్కిను వీథిలోనే యున్నది.

తెలుగుదేశపు క్రైస్తవ సంఘములను గూర్చి మన పరిశోధన ఇంతవరకు ఎక్కువగ మిషనరీల జీవితములను, బైబిలు అనువాదములను, కీర్తనలను ఆశ్రయించినది. అవి వలసినవే. వానితోపాటు సంఘముల సభా తీర్మానములను, చందాల పద్దులను, సమాధి స్థలముల పటములను పరిశీలించినచో, ఏ కులమువారు ఏ వరుసలో కూర్చుండిరో, ఏ పేటవారు పెద్దలైరో, ఒకే పాత్రనుండి సంస్కారమును పుచ్చుకొనుట ఏ యేట ఎచ్చట ఆరంభమైనదో తెలియగలదు. వ్రాతప్రతులు చెదలపాలు కాకముందే, ఆ కాలమెరిగిన వృద్ధులు మనయెదుట నుండగనే, పరిశోధక విద్యార్థులు ఈ పనికి పూనుకొందురుగాక.